నాన్నమ్మ వద్దంది

సంతరోజు తెల్లవారేసరికి సోములమ్మ గంప నిండిపోయి ఉండాలి. ఆ రోజు మాత్రం అల్లం మట్టి కూడా దులపకుండా అరుగు మీదే పడి ఉంది. ఆమె పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి కూర్చుంది.

"అమ్మా, బేగి లే! సురేష్ సారు మళ్ళీ వత్తన్నాడు. నిన్ను డుంబ్రిగుడ సంతలో దింపేసి ఆయన్ని ఎక్కించుకోవాలి" అన్నాడు కొడుకు ఫల్గుణ. టూరిస్టులను జీపులో తిప్పడం అతని పని.

"నేను రాను. ఇంక సంతకే రాను."

"ఆ ఫొటో గురించేనా? తీస్తే ఏటి, అరిగిపోయావా?"

పోయిన సంతలో ఆ సురేష్ అనే టూరిస్టు, సోములమ్మ అడ్డపొగ తాగుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని ఫొటోలు తీశాడు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, నలుగురి కంటా పడకుండా పక్కకు తిరిగి తాగడం ఆమె అలవాటు. ఆ పక్కకూ వచ్చి తీశాడు. అతను నెట్‌లో పెట్టిన ఆ ముఖం ఇప్పుడు ఊరందరి ఫోన్లలో ఉంది. కింద ఎవరో 'మంట మింగే ముసలి' అని రాస్తే అందరూ నవ్వుతున్నారు.

మనవరాలు హేమలత అల్లం గంపలోకి ఎత్తుతోంది. పదో తరగతి. క్లాసులో హాజరు పలకడానికే తడబడే పిల్ల.

"నాన్నా, ఆ రోజు నాన్నమ్మ వద్దంది కదా."

"నువ్వూరుకోయే గుంటా."

"మన కొండ భాషలో వద్దు వద్దంది. ఏమంటోందని ఆయన నిన్నే అడిగాడు. 'సిగ్గుపడుతోంది సార్, తీసుకోండి' అన్నావు. నేను పక్కనే ఉన్నాను."

ఫల్గుణ ముఖం ఎర్రబడింది. "మా అమ్మ కసురుతోందని సెప్తే రేపు నా జీపు ఎక్కుతారేటి? సంత అందరిదీ. అందరూ తీస్తారు."

"సంత అందరిదే. నాన్నమ్మ ముఖం అందరిదా?" హేమలత తడబడింది గాని ఆగలేదు. "సిగ్గంటే నాకు తెలుసు నాన్నా. సిగ్గుపడేవాళ్లకి నోరు రాదు. నాన్నమ్మకి నోరొచ్చింది. నువ్వు మూసేశావు."

గంప తన నెత్తికెత్తుకుంది. "నాన్నమ్మ రాకపోతే నేనే కూర్చుంటా. నన్ను తీయమను, చూద్దాం."

సోములమ్మ గభాలున లేచింది. "గుంట నెత్తి మీద అంత బరువేటి? ఇటు తే!"

ఫల్గుణ ఇద్దరినీ సంతలో దింపి, సురేష్‌ను తీసుకురావడానికి వెళ్లాడు.

సంతలో సురేష్ రానే వచ్చాడు. "లైటు భలే ఉందన్నా" అంటూ కెమెరా ఎత్తాడు. సోములమ్మ ఈసారి పక్కకు తిరగలేదు. సూటిగా చూసి ఒక్క మాట అంది.

"ఏమంటోంది?" అని ఫల్గుణను అడిగాడు సురేష్.

హేమలత తండ్రి నోటివైపే చూస్తోంది.

"వద్దంటోంది సార్." ఫల్గుణ వచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. "పోయిన సంతలోనూ అదే అంది. నేనే అబద్ధం చెప్పాను. ఆ ఫొటో కూడా తీసెయ్యండి."

"పబ్లిక్ ప్లేసే కదన్నా..."

"అవును సార్. ఆవిడ మా అమ్మ."

సురేష్ కెమెరా దించాడు. ఫల్గుణ తల్లి పక్కన చతికిలబడ్డాడు. తలవంచి కళ్లు నులుముకున్నాడు. సోములమ్మ కొంగుతో అతని ముఖం గట్టిగా తుడిచి, తమ భాషలో ఏదో అంది. ఆమె కళ్లూ తడిశాయి.

"ఇప్పుడేమంది?" అన్నాడు సురేష్.

"అది మీకు కాదు" అంది హేమలత, సంతలో అందరికీ వినబడేలా.