బొగ్గుకి పెట్టేదెవరు

అసూయ పడాలంటే ఎదుటి మనిషి బతికే ఉండాలన్న రూలేం లేదు. కావాలంటే కళ్ళజోళ్ళ షాపాయన రెండో భార్యని అడగండి.

వీధిలో అందరూ ఆమెని చిన్నావిడ అంటారు. అంటే పెద్దావిడ ఒకామె ఉండేదన్నమాట. ఆవిడ జబ్బుచేసి పోయి చాన్నాళ్ళయింది. పోతూ పోతూ ఒక ఇల్లు, ఇంటాయన, బొగ్గు అనే నల్ల ఆడకుక్కని వదిలిపోయింది. చిన్నావిడకి ఇల్లు దొరికింది. మిగతా ఇద్దరే దొరకలేదు.

చీకటి పడే వేళకి ఆయన షాపు కట్టేసి ఇంటికొచ్చేవాడు. చెప్పులు విప్పి తిన్నగా వెనక వసారాలోకి నడిచేవాడు. అక్కడ చెక్కపీట మీద పచ్చి గుండెకాయ, కిడ్నీలు, కార్జం ముక్కలు కోసి బొగ్గు గిన్నెలో వేసేవాడు. ఉడికిస్తే సత్తువంతా నీళ్ళపాలవుతుందని, పచ్చివి పెడితేనే కుక్క ఒంటికి రక్తం పడుతుందని, బొచ్చు నిగనిగలాడుతుందని పెద్దావిడ నమ్మకం. కార్జం మాత్రం బొటనవేలంత ముక్కే, మించితే చేటు. ఈ పాఠమంతా ఆయన చిన్నావిడకి వందసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆయన గొంతు మెత్తబడేది. అది వింటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర చచ్చీచెడీ వండిన కూరని మాత్రం పేపరు చూస్తూ తినేసి, ఊఁ అని లేచేవాడు మహానుభావుడు.

ఒకరోజు ఆయన మణికట్టు బెణికింది. ఇక నుంచి దానికి నువ్వే పెట్టమన్నాడు. అక్కడితో ఆపినా బాగుండును.

"తను పెట్టినట్టే పెట్టు," అన్నాడు.

చిన్నావిడ ఇక పంపొద్దని మాంసం కొట్టతనికి ఆ సాయంత్రమే చెప్పేసింది. గిన్నెలో పాలల్లో నానబెట్టిన రొట్టె వేసింది. బొగ్గు వాసన చూసి, ఆమె మొహం చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. పడుకుంటే పడుకో, నాకేం పోయె అనుకుంది. ఆయనకి మాత్రం గిన్నె నాకేసిందని చెప్పింది.

చిత్రమేమిటంటే, బొగ్గు చిక్కిపోలేదు. రొట్టె ముట్టేది కాదు, రోజూ తెల్లారి చూస్తే గిన్నె అంచున ఎర్రటి తడి మాత్రం ఉండేది. బొచ్చు అద్దంలా మెరుస్తోంది. ఏం పెడుతున్నారండీ అని షాపుకొచ్చినవాళ్ళు అడిగితే, అంతా మా ఆవిడ చలవే అన్నాడట ఆయన. ఆ మాట పక్కింటామె మోసుకొచ్చింది. పెళ్ళయ్యాక నలుగురిలో తన గురించి ఆయన అన్న మొదటి మంచిమాట అది. దాన్ని చేతులారా పోగొట్టుకుంటుందా? చిన్నావిడ నోరు కుట్టేసుకుంది.

ఇంతలో ఆయనకి నీరసం మొదలైంది. మొహం పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండని ఆమె ప్రాణం తీస్తే, అలసటేలే అని నవ్వేసేవాడు. ఆ నవ్వు కూడా కొత్తే. ఈ మనిషి నా చేతుల్లోంచి జారిపోతున్నాడని చిన్నావిడకి భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం వాన. కరెంటు పోయింది. ఆయన పెందలాడే వచ్చి పడుకున్నాడు. చిన్నావిడ వంటింట్లో కొవ్వొత్తి కోసం తడుముకుంటోంది. అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్...

వెనక వసారాలో, పీట మీద కత్తి.

పచ్చి నెత్తురు వాసన గుప్పుమంది. బొగ్గు తోక గోడకి కొట్టుకుంటోంది. ఆపైన ఓ ఆడగొంతు. పసిపిల్లకి ముద్దలు తినిపించే గొంతు.

"కొంచెమే తల్లీ... ఎక్కువైతే నీకు పడదు..."

కొవ్వొత్తి దొరికింది. వెలిగించుకుని వసారాలోకి వెళ్ళింది. వసారాలో ఎవరూ లేరు. పీట తడిగా ఉంది. బొగ్గు తింటోంది. గిన్నెలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. కొట్టునుంచి వచ్చే మాంసం చల్లగా ఉంటుంది. ఇది వెచ్చగా ఉంది... ఇప్పుడే తీసినట్టు.

ఆమె కొవ్వొత్తితోనే పడగ్గదిలోకి పరుగెత్తింది. ఆయన కుడి డొక్క మీద చెయ్యేసుకుని పడుకుని ఉన్నాడు. చొక్కా ఎత్తి చూసింది. గాయం లేదు. గీత కూడా లేదు. హమ్మయ్య అనుకుని అక్కడ అరచెయ్యి ఆనించింది. చెయ్యి లోపలికి పోయింది... దూది తీసేసిన దిండులోకి పోయినట్టు.

ఎలా వచ్చిందో తెలీదు, మళ్ళీ వసారాలో ఉంది. కొవ్వొత్తి చేతిలోనే ఉంది. గోడకి వీపు ఆనించి కూలబడింది.

"అక్కా..." అంది చీకట్లోకి. "తప్పయింది. ఇక రోజూ నేనే పెడతాను. కోపముంటే నన్ను కోసుకో. ఆయన్ని వదిలెయ్."

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. ఆయన గొంతు.

"తనేం లాక్కోలేదు. అడిగింది... ఇచ్చాను."

నిలబడి నవ్వుతున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. చిన్నావిడకి భయం వేసింది. అంతకన్నా ముందు ఏడుపొచ్చింది.

"నన్నడగొచ్చుగా?" అంది. "నేనివ్వనా?"

"నిన్నెందుకు అడుగుతుంది?" అన్నాడు మెత్తగా.

బొగ్గు గిన్నె వదిలి లేచింది. ఎన్నడూ లేనిది ఆమె దగ్గరికొచ్చింది. తడి మూతి ఆమె కుడి డొక్కకి ఆనించి, వాసన చూసి, అక్కడే ఆగిపోయింది.

ఆయన వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. తల మీద చెయ్యి వేశాడు.

"చూశావా... నీకూ మచ్చికైంది."

సిగ్గులేని మనసు, ఆ ఒక్క క్షణం సంతోషపడింది. వీళ్ళిద్దరూ తనకి ఇంత దగ్గరగా ఎప్పుడొచ్చారు గనక? తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

ఆయన ఆమెని చూడటం లేదు. బొగ్గూ చూడటం లేదు. ఇద్దరూ ఆమె భుజం మీదుగా, వెనక్కి చూస్తున్నారు. బొగ్గు తోక ఊగుతోంది.

ఆమె వెనక ఒట్టి గోడే ఉంది.