హెర్మీన్ మళ్ళీ గుండు పట్టిన ఆదివారం

మెట్ల మీద భార్య అడుగుల చప్పుడు వినగానే లుబ్బర్ట్ గోడ గడియారం వైపు చూశాడు. ఆరూ పది. నిన్న పదకొండుకి పడుకుంది. ఏడు గంటల పది నిమిషాల నిద్ర. పరవాలేదు.

హెర్మీన్ వంటింట్లోకి వస్తూనే కిటికీ తెరిచింది. పొలాల మీది తడి గాలితోపాటు పేడ వాసన గుప్పున లోపలికొచ్చింది.

"ఎరువు చల్లడం మొదలెట్టారు. ఇంక చలి పోయినట్టే" అని, ఏదో కూనిరాగం తీస్తూ రొట్టె ముక్కలకి వెన్న రాయసాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లుబ్బర్ట్ సొరుగులోంచి ఆకుపచ్చ నోటుపుస్తకం తీసి, బల్ల కింద మోకాలి మీద పెట్టుకుని రాశాడు: 'ఆరూ పది. కూనిరాగం. రొట్టె నాలుగు ముక్కలు.'

"నిన్నటి మూడూ చెప్పనా?" అంది హెర్మీన్, అతనికెదురుగా కూర్చుంటూ.

రెండు నెలలుగా ఆమె ప్రతి మంగళవారం క్లినిక్‌కి వెళ్తోంది. ఆమెలాగే బైపోలార్ జబ్బున్న ఎనిమిదిమంది అక్కడ కలుస్తారు. రోజూ జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాయడం అక్కడ నేర్పిన మొదటి అభ్యాసం.

"చెప్పు" అన్నాడు లుబ్బర్ట్.

"ఒకటి, మన యోరీన్ ఫోన్ చేసి ఏ పనీ లేకుండానే పావుగంట మాట్లాడింది. రెండు, పక్కింటి గుర్రం నా చేతిలో ఆపిల్ తింది. మూడోది చెప్తే నువ్వు కాఫీ ఒలకబోస్తావు."

"ఒలకబోయనులే."

"ట్రాయిడా నన్ను మళ్ళీ జట్టులోకి రమ్మంది. ఆదివారం పోటీ. వస్తానన్నాను."

లుబ్బర్ట్ కాఫీ ఒలకబోయలేదు. కప్పు మాత్రం చాలా నెమ్మదిగా కింద పెట్టాడు.

జర్మనీ సరిహద్దు పక్కనున్న ఆ ట్వెంటె ప్రాంతంలో ఆ ఆట తెలియని ఊరు లేదు. లోపల సీసం పోసిన చెక్క గుండుని పొలాల మధ్య రోడ్డు వెంట విసురుకుంటూ పోవాలి. వంతులవారీగా విసురుతూ ఏ జట్టు తక్కువ విసుర్లలో గీత దాటితే వాళ్ళది గెలుపు. పదిహేనేళ్ళపాటు ఆ ఊరి ఆడవాళ్ళ జట్టులో హెర్మీన్ లేని పోటీ లేదు. ఆరేళ్ళ కిందట, ఒక ఫిబ్రవరిలో, ఆమె నిద్రపోవడం మానేసింది. గలగలా మాట్లాడింది, పాడింది, నవ్వింది. ఆనక ఒకరోజు కనిపించకుండా పోయింది. రెండు రోజులకి సరిహద్దు అవతల జర్మనీలో ఒక రైల్వే స్టేషన్‌లో దొరికింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు పడకగది పరదాలు తీయనివ్వలేదు. అప్పటినుంచీ ఆమె జబ్బుకి వేసుకునే లిథియం మాత్ర ఒక్కపూట కూడా మానలేదు. అప్పటినుంచీ లుబ్బర్ట్ కూడా నోటుపుస్తకం మానలేదు.

ఆమె స్నానానికి వెళ్ళగానే అతను ట్రాయిడాకి ఫోన్ చేశాడు. జట్టు నాయకురాలు ఆవిడే. "హెర్మీన్‌కి ఒంట్లో బాగాలేదు. ఆదివారానికి ఇంకెవర్నైనా చూసుకోండి. నేను చెప్పానని మాత్రం అనొద్దు" అన్నాడు.

కాని ట్రాయిడా కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. బుధవారం సాయంత్రం, ఇంట్లో భోజనానికి కూర్చునే వేళకి సైకిలేసుకుని గుమ్మం ముందు దిగింది. హెర్మీన్ ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి వచ్చి కూర్చుంది. బంగాళాదుంపల ముద్ద, సాసేజి బల్ల మీద పొగలు కక్కుతున్నాయి. పట్నంలో బేకరీలో పనిచేసే కూతురు యోరీన్ ప్రతి బుధవారం భోజనానికి ఇంటికొస్తుంది. ఆ రోజూ వచ్చింది.

"నాకు ఒంట్లో బాగాలేదట" అంది హెర్మీన్. "నాకెవరూ చెప్పలేదు."

యోరీన్ తండ్రి వైపు చూసింది. "నాన్నా, నువ్వు ఫోన్ చేశావా?"

"చేశాను" అన్నాడు లుబ్బర్ట్, పళ్ళెంలోకి చూస్తూ.

"ఆ పుస్తకం తియ్యి" అంది హెర్మీన్.

"హెర్మీన్, అది..."

"ఆరేళ్ళుగా బల్ల కింద రాస్తున్నావు. నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఇవాళా ముట్టుకోను. నువ్వే చదువు."

అతను తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "మార్చి నాలుగు. గట్టిగా నవ్వింది, రెండుసార్లు. మార్చి తొమ్మిది. ఎర్ర స్కార్ఫ్ కొంది, కనిపెట్టి ఉండాలి. మార్చి పన్నెండు. వంటింట్లో పాటకి అడుగులేస్తోంది. రేడియో తీగ పీకేశాను."

"చెడిపోయిందన్నావు."

లుబ్బర్ట్ పేజీ తిప్పబోయాడు.

"నాలుగో తారీఖున ఎందుకు నవ్వానో రాసుందా?"

"లేదు."

"నువ్వు వెళ్ళి తలుపుకి గుద్దుకున్నావు. గుద్దుకుని, తలుపుకి సారీ చెప్పావు. అందుకు నవ్వాను."

యోరీన్‌కి నవ్వాగలేదు. వెంటనే అరచేత్తో నోరు మూసుకుంది. హెర్మీన్ మాత్రం నవ్వలేదు.

"ఆరేళ్ళలో ఒక్కరోజైనా నేను బాగున్నానని రాశావా, లుబ్బర్ట్?"

అతను పుస్తకం మూశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఇప్పుడూ పెంచలేదు. "ఆ స్టేషన్‌లో నేను ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నువ్వు నన్ను టికెట్ అడిగావు. నేనెవరో నీకు తెలియలేదు. పోలీసులు నీ చెయ్యి పట్టుకుంటే నవ్వుతూనే ఉన్నావు. అప్పట్నుంచీ నువ్వు నవ్వితే నాకు చెమటలు పడతాయి. ఏం చెయ్యమంటావు?"

 హెర్మీన్ చెయ్యి చాపి అతని మణికట్టు మీద వేసింది.

"నీ భయం నాకు తెలుసు. అది నాకూ ఉంది. మాత్ర మానను. నిద్ర తగ్గితే నీకంటే ముందు నేనే వీట్‌స్కెకి ఫోన్ చేస్తాను." వీట్‌స్కె ఆ మంగళవారం తరగతి నడిపే నర్సు. "క్లినిక్‌లో అలా రాసి సంతకం కూడా పెట్టాను. కాని జబ్బొస్తుందేమోనని సంతోషాన్ని గడపలోనే ఆపేస్తూ కూర్చుంటే, ఇంక నేను బాగుపడింది దేనికి?"

లేచి వెళ్ళి, తన చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇది ఇంటివాళ్ళకిచ్చిన పని. మీ మనిషి బాగున్నప్పుడు ఎలా ఉంటుందో రోజుకి మూడు రాయాలి. రెండు వారాలుగా సంచిలోనే ఉంది. నీకివ్వడానికి ధైర్యం చాలలేదు."

మర్నాడు మధ్యాహ్నం లుబ్బర్ట్ తను కాపలాదారుగా ఉన్న బడిలో, బడిని వెచ్చబెట్టే బాయిలర్ గదిలో, ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. పెన్సిల్ కదల్లేదు. ఏ రోజు ఎన్ని గంటలు పడుకుందో అడిగితే నిమిషాలతో సహా చెప్పగలడు. ఆమెకిప్పుడు ఏమిష్టమో, దేనికి నవ్వుతుందో, ఎవరితో మాట్లాడితే ముఖం విప్పారుతుందో అడిగితే చెప్పలేడు. ఇన్నేళ్ళుగా ఆమెను కాపలా కాశాడే తప్ప చూడలేదు. ఆ సంగతి తట్టగానే పెన్సిల్, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె పెరట్లో ఉంది. పాత గుండు చేత్తో పట్టుకుని, నాలుగడుగులు పరుగెత్తి, మోకాలు వంచి, చెయ్యి వెనక్కి తిప్పి కంచె వైపు వదిలింది. వెళ్ళి తెచ్చుకుంది. మళ్ళీ వదిలింది. గురి తప్పినప్పుడు తనని తానే తిట్టుకుంది. లుబ్బర్ట్ కంచె ఇవతలే సైకిల్ పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత కాగితం తీసి సైకిల్ సీటు మీద పెట్టి రాశాడు: 'ఒకటి. విసిరే ముందు నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. పెళ్ళికి ముందు కూడా అలాగే పెట్టుకునేది. రెండు. గురి తప్పితే తనని తానే తిట్టుకుని, నవ్వి మళ్ళీ మొదలెడుతుంది. మూడు. నేనిక్కడున్నానని చూసింది, ఏమీ అడగలేదు.'

శుక్రవారం సాయంత్రం అతను ట్రాయిడా ఇంటికి వెళ్ళాడు. హెర్మీన్‌ని ఆడించమని అడిగాడు. ఆవిడ గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది.

"నువ్వన్న మాట జట్టంతా విన్నారు. ఈ మాట కూడా జట్టంతా వినాలి. క్లబ్బుకి పద."

క్లబ్బులో ముగ్గురు ఆడవాళ్ళు కాఫీ తాగుతూ గుండ్లకి నూనె రాస్తున్నారు. లుబ్బర్ట్ టోపీ తీసి రెండు చేతులతో నలిపాడు. "హెర్మీన్‌కి బాగాలేదని నేను చెప్పింది అబద్ధం. తను బాగానే ఉంది. భయం నాకు. ఈ ఊళ్ళో తనంత సూటిగా గుండు వేసేవాళ్ళు లేరు. తనని ఆడనివ్వండి."

"సూటి సంగతి మేం ఒప్పుకోం" అంది వాళ్ళలో ఒకావిడ. "మిగతాది సరే." మిగిలినవాళ్ళు ఫక్కున నవ్వారు.

ట్రాయిడా గోడకి ఆనించి ఉన్న పొడుగాటి గెడ తీసి అతని చేతికిచ్చింది. రోడ్డు పక్క కందకంలో పడ్డ గుండుని తీసే వలబుట్ట దాని చివర ఉంది. "ఆదివారం ఇది నీది."

ఆదివారం పక్కూరి జట్టుతో పోటీ. చూడ్డానికి యోరీన్ కూడా వచ్చింది. ఎండ పల్చగా కాస్తోంది. హెర్మీన్ మొదటి విసురే కందకంలోకి పోయింది. లుబ్బర్ట్ మోకాలి దాకా బురదలో దిగి, గుండు తీసి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు.

"ఇంకా తడిగా ఉంది. వేళ్ళు జారతాయేమో చూసుకో" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

రెండోసారి గుండు రోడ్డు నడిమధ్యనే దొర్లింది. మూడోసారి మలుపు దాకా పోయింది. మధ్యలో ఆరడుగులు వెనకబడ్డారు, మళ్ళీ కలుపుకున్నారు. చివరికొచ్చేసరికి అవతలి జట్టు నలభై రెండు విసుర్లలో గీత దాటేసింది. వీళ్ళవి నలభై ఒకటి అయ్యాయి. ముగ్గులాంటి తెల్లగీతకి ఇంకా డెబ్భై అడుగుల పైనే ఉంది. ఈ విసురు దాటకపోతే గెలుపు లేదు. దాటినా సమానమే, గీత అవతల ఎవరి గుండు దూరం పోతే వాళ్ళదే పోటీ.

వంతు హెర్మీన్‌ది.

"లుబ్బర్ట్, నువ్వు వెళ్ళి ముందు నిలబడు" అంది ట్రాయిడా. "గురి చూపించు."

అతను గీత దగ్గరికి పరుగెత్తి, రోడ్డు మధ్య కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. హెర్మీన్ నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుంది. నాలుగడుగులు పరుగెత్తి వదిలింది. గుండు నేలని తాకి, ఒక్కసారి ఎగిరి, అతని బూట్ల మధ్య నుంచి దూసుకుపోయింది. గీత దాటింది. అవతలి జట్టు గుండు ఆగిన చోటు దాటింది. ఇంకా దొర్లుతూనే ఉంది.

హెర్మీన్ రెండు చేతులూ ఎత్తి కేక పెట్టింది. పొలంలోని బాతులన్నీ లేచిపోయాయి. ఆ కేక వినగానే లుబ్బర్ట్ ఒళ్ళు అలవాటుగా బిగుసుకుంది. కాని ఆమె కళ్ళు ఆ జనంలో అతని కోసమే వెతికాయి. దొరకబుచ్చుకున్నాయి. "లుబ్బర్ట్, చూశావా" అంటూ పరుగెత్తుకొచ్చి అతని మెడ పట్టుకుని వేలాడింది. బిగిసిన ఒళ్ళు వదులైంది. అతనూ అరిచాడు. ఏమన్నాడో అతనికే తెలియదు.

గెలిచిన జట్టులో ఒక్కొక్కరికి మీటరు పొడుగు ఎండుద్రాక్ష రొట్టె బహుమతి. క్లబ్బులో పాటలు మొదలయ్యాయి. ఐదు కాగానే హెర్మీన్ ఆపిల్ రసం గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఇప్పుడేగా మొదలైంది" అంది ట్రాయిడా.

"నాకు కడుపు నిండిపోయింది. ఇంటికెళ్ళి పెందలాడే పడుకుంటాను. యోరీన్ ఉంటుంది, నా వంతు కూడా పాడుతుంది." ఎవరూ గుర్తుచేయలేదు. లుబ్బర్ట్ గడియారం కేసి చూడనైనా లేదు. ఆమె తనంతట తనే లేచింది.

ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ, రెండు సైకిళ్ళ మీదా ఆ రొట్టెని అడ్డంగా పెట్టుకుని, ఊరి రోడ్డంట నడిచారు. గేట్ల దగ్గరున్నవాళ్ళు పలకరిస్తుంటే హెర్మీన్ ఆగి ఒక్కో ముక్క కోసిచ్చింది. మొదటి ఇంటి దగ్గర "గెలిచారా?" అని అడిగితే ఆమే చెప్పింది. రెండో ఇంటి దగ్గర ఆమె నోరు తెరిచేలోపే లుబ్బర్ట్ అందుకున్నాడు.

"చివరి విసురు మా హెర్మీన్‌దే. నా కాళ్ళ మధ్య నుంచి పోయింది."

మూడో ఇంటి దగ్గర ఇంకాస్త గట్టిగా చెప్పాడు. నాలుగో ఇంటి ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే మొదటి విసురు కందకంలో పడ్డ దగ్గర్నుంచీ మొత్తం చెప్పాడు. చెప్తూ చెప్తూ ఉండగా కళ్ళు నిండి, మాట ఆగిపోయింది. హెర్మీన్ అతని సైకిల్ కూడా తనే పట్టుకుని నిలబడింది. అతను ముఖం తుడుచుకుని, ఆపిన చోటు నుంచి మళ్ళీ అందుకున్నాడు.