అత్తగారి ఎడమ చెయ్యి

సర్టిఫికెట్లు వరసగా ఫైల్లో పెట్టాలి. జిరాక్సులు తీయించాలి. చెప్పు తెగేలా ఉంది, కుట్టించాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. "మీ గురించి చెప్పండి" అంటే పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టకూడదు. మధ్యలో పని మానేసిన ఏళ్ల గురించి అడిగితే నేను చెప్పినట్టే చెప్పాలి.

కూతురు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం అది. మర్నాడే తల్లికి ఇంటర్వ్యూ. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం. ఒకప్పుడు ఆమె చేసిన పనే. అత్తగారు పక్షవాతంతో మంచం పట్టాక మానేసింది. మొన్న చలికాలంలో అత్తగారు పోయారు. మంచం తీసేశారు. అయినా పొద్దున్నే టీ కలపగానే ఆమె కాళ్లు ఆ గదివైపే వెళ్తాయి. గుమ్మం దాకా వెళ్లి, చేతిలో గ్లాసు చూసుకుని, వెనక్కి వస్తుంది.

ఆ ఉదయం కూడా అలాగే వచ్చింది. బల్ల దగ్గర భర్త కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, పెద్దాఫీసరులా కూర్చుని ఉన్నాడు.

"రండి మేడమ్, కూర్చోండి. ముందు ఆ టీ ఎవరికో సెలవివ్వండి."

"అయ్యగారికే. తాగి గ్లాసు కడిగి పెట్టండి."

"నాన్నా, ఆటలా ఇవి!" కూతురు కసిరింది. "అమ్మా, అడుగుతున్నాను. ఇన్నేళ్లూ ఏం చేశారు?"

"ఇంట్లో మా అత్తయ్యని..."

"మళ్లీ అదే! చిన్న క్లినిక్‌లో సగం పూట చేశాననాలి. ఎవరొచ్చి చూస్తారు?"

"చెయ్యని పని చేశాననడానికి నోరు రాదే."

"అత్తగారికి చేశానంటే అయ్యో పాపం అంటారు. చేతిలో పని పోయుంటుందని పంపించేస్తారు. వచ్చే ఏడాదికి నీకు వయసు దాటిపోతుందమ్మా. ఇదే ఆఖరిది."

"నాకు తెలీదా?"

"తెలిస్తే ఇంకా నాన్నమ్మని పట్టుకుని వేలాడతావేం? నీ ఉద్యోగం మింగేసింది ఆవిడే!"

తండ్రి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేశాడు. అది తన తల్లిని అన్న మాట.

తల్లి కోప్పడలేదు. కూతురి పక్కన కూర్చుని, "చెయ్యి ఇలా పెట్టు" అంది. కూతురి చొక్కా చెయ్యి పైకి మడిచి, తను కళ్లు మూసుకుంది. మోచేతి మడతలో ఆమె వేళ్లు మెల్లగా కదిలి ఒకచోట ఆగాయి.

"ఇదిగో నీ నరం. లోతుగా ఉంది, పక్కకి జారుతోంది. నాన్నమ్మదీ ఇంతే."

"ఆవిడది నీకెలా తెలుసు?"

"రోజూ టీ తాగాక ఎడమ చెయ్యి చాపేవారు. కుడిది పడిపోయిందిగా. 'కళ్లు మూసుకుని నరం వెతకవే. నీ వేళ్లు పని మర్చిపోతే ఆ పాపం నాది' అనేవారు. వద్దత్తయ్యా అంటే తిట్టేవారు. దొరికితే, 'ఇవాళ్టి జీతం, పో' అని ఖాళీ గ్లాసు చేతిలో పెట్టేవారు." ఆమె వేలు ఇంకా ఆ నరం మీదే ఉంది. "ఇప్పుడు తెల్లారితే వేళ్లు ఊరుకోవే. ఎవరి చెయ్యి పట్టుకోను?"

కూతురు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు లేచేసరికి మా డ్యూటీ అయిపోయేది."

నవ్వబోయి కూతురు ఏడ్చేసింది. తర్వాత లేచి, కాగితంలో ఆఖరి వాక్యం కొట్టేసింది. తండ్రి గ్లాసు కడిగి పెట్టాడు.

మర్నాడు తల్లి ఉన్నదున్నట్టే చెప్పింది. ప్రశ్నలడుగుతున్న వాళ్లలో ఒకావిడ చేతి గడియారం తీసి, చెయ్యి బల్లమీద చాపింది. "చూడండి."

తల్లి అలవాటుగా కళ్లు మూసుకుంది. వేళ్ల కింద నరం మెత్తగా లేచింది. ఆ చెయ్యి నున్నగా, బలంగా ఉంది. ఆమెకి కావలసిన ముడతల చెయ్యి ఇంకెక్కడా లేదు.

"దొరికిందా?"

"దొరికింది మేడమ్" అంది, కళ్లు తెరవడానికి కాస్త ఆలస్యం చేసి.

ఇప్పుడామెది ఉదయం డ్యూటీ. మీరెప్పుడైనా రక్తపరీక్షకి వెళ్తే, సూది పెట్టే ముందు ఒకామె కళ్లు మూసుకుంటే భయపడకండి. నొప్పి తెలియకుండా పని అయిపోతే, మంచంలోంచి రోజూ చెయ్యి చాపిన ఆ పెద్దావిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.