ముందర సీటు

"డ్రైవర్‌ను పిలవండి మేడం. బండి ఒకసారి నడిపి చూడాల."

"పోదాం రండి సార్" అంది ఎస్తేరు తాళంచెవి తీసుకుని.

వచ్చిన కుర్రవాడు కదల్లేదు. "మీరా?"

"నడిపేది మీరు. పక్కన కూచుని చెప్పేది నేను. నాకు జీతమిచ్చేది దానికే."

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఆ షోరూం పెట్టి రెండేళ్లు. అందులో ఆడపిల్ల బండ్లు అమ్మడం ఊరికి ఇంకా వింతే. బండి చూస్తామని వచ్చి ఆమెను చూసి పోయేవాళ్లు కొందరు. ఆ చూపులకు ఎస్తేరు ఎప్పుడో అలవాటు పడింది. ఇతను మాత్రం చూడ్డానికి బదులు కంగారుపడుతున్నాడు. అది ఆమెకు కొత్తగా ఉంది, కాస్త నవ్వు కూడా వచ్చింది.

టెస్ట్ డ్రైవ్‌కు ముందు ఒక కాగితం నింపాలి. పేరు సోమశేఖర్ అన్నాడు. చదివింది బెంగళూరులో అన్నాడు. ఊరు సింహాద్రిపురం పక్క పల్లె అంటూ దాని పేరు చెప్పాడు. ఎస్తేరు చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ పల్లెలో ఇంత పెద్ద బండి కొనే ఇల్లు ఒకటే, ఊరంతా పెద్దరెడ్డి అని పిలిచే మనిషిది. పదకొండేళ్ల కిందట ఆయన జీపులో, ముందర ఎడమ పక్క సీట్లో కూచుని, ఎస్తేరు తండ్రి దేవరాజు చనిపోయాడు. బాంబు పెద్దరెడ్డి కోసం తెచ్చిందే. కానీ పెద్దరెడ్డి ఎప్పుడూ మధ్య వరసలో, ఇద్దరి నడుమ కూచునేవాడు. ముందర కూచునే దేవరాజుకు తన ఖద్దరు తానులోంచే తెల్ల చొక్కాలు కుట్టించేవాడు. వేసినవాడు దూరం నుంచి ఆ చొక్కాను చూసి వేశాడు.

అప్పుడామెకు పదమూడేళ్లు. తలనొప్పి అని చెప్పి ఈ కుర్రవాణ్ని మేనేజర్ అలీ అహ్మద్‌కు అప్పగించి ఉండొచ్చు. కానీ ఆ ఇంటి బిడ్డ ఎట్లా ఉంటాడో చూడాలనిపించింది.

"ఏడు మంది పడతారా దీంట్లో?" అన్నాడు శేఖర్ స్టీరింగ్ ముందు కూచుంటూ.

"ఫ్యామిలీ అంతా పడతారు సార్."

"మా ఫ్యామిలీ మీకు తెల్దు. ఇంట్లో మేము ముగ్గురమే, వెంట తిరిగేటోళ్లు పది మంది." ఆమె ముందర ఎడమ తలుపు తీయడం చూసి గొంతు మార్చాడు. "మీరు వెనక కూచోండి మేడం. మా ఇంట్లో ఆడోళ్లు ముందర కూచోరు."

"ఇది మీ ఇల్లు కాదు సార్, మా షోరూం బండి" అని ఎస్తేరు ఎక్కి బెల్టు పెట్టుకుంది. రోజుకు నాలుగుసార్లు ఆమె కూచునే సీటే అది. కూచున్న ప్రతిసారీ తండ్రి గుర్తొస్తాడని ఎవరికీ చెప్పలేదు.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసకలోకి దింపమంది. దించాడు. ఇరవై గజాలు పోయి చక్రాలు కూరుకుపోయాయి. శేఖర్ పంతంగా యాక్సిలరేటర్ తొక్కాడు. బండి ఇంకా దిగబడింది.

"కాలు తీయండి సార్. అదేమన్నా మీ ఎగస్పార్టీనా, అంత కోపంగా తొక్కుతాండారు?"

అతను ఒక్క క్షణం నివ్వెరపోయి, తర్వాత గట్టిగా నవ్వాడు. "నాలుగు చక్రాలూ తిరుగుతాయంటిరే?"

"లివర్ వేస్తే తిరుగుతాయి. చెప్పేలోపల దూకితిరి."

లివర్ వేస్తే బండి బుద్ధిగా బయటికొచ్చింది. అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. వైపర్ వేయబోయి అతను హారన్ కొట్టాడు. ఇసకలో మేస్తున్న గొర్రెలన్నీ తలెత్తి చూశాయి. ఎస్తేరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. ఆ ఇంటి మనిషి పక్కన కూచుని నవ్వుతున్నందుకు తర్వాత తన మీద తనకే కోపమొచ్చింది.

వారం తిరక్కుండా శేఖర్ ఏసీ చల్లదనం గురించి అడగడానికి వచ్చాడు. మూడు రోజులకు డిక్కీ తలుపు గురించి వచ్చాడు. అలీ అహ్మద్ గమనిస్తూనే ఉన్నాడు.

"ఆ పిల్లోనికి బండి మీద శానా అనుమానాలు ఉండాయి పాపా. అన్నీ నిన్నే అడుగుతాండాడు. ఇరవై ఏండ్ల సర్వీసు నాది, నన్నొకటీ అడగడు."

"నీకు ఓపిక తక్కువని తెలిసింటాది మామా" అంది ఎస్తేరు. ఇష్టపడకూడదని ఎంత గట్టిగా అనుకుందో అంత గట్టిగానూ ఇష్టపడింది. అతను వచ్చే రోజు తెలిస్తే చీర మార్చేది. అలా మార్చినందుకు దారంతా తనను తనే తిట్టుకునేది.

నాలుగోసారి శేఖర్ వెంట పెద్దరెడ్డే వచ్చాడు, వెనక రెండు జీపుల మనుషులతో. ఎలక్షన్లు దగ్గర పడుతున్న రోజులు. ఆయన మైలేజీ అడగలేదు, రంగులు అడగలేదు. మధ్య సీట్లో కూచుని తలుపు పదిసార్లు తీసి వేసి చూశాడు. సీటు మీద అడ్డంగా వాలి, "వంగితే తల బయటికి కనపడ్తాదా?" అని అడిగాడు. బయట నిలబడిన ఆయన మనిషొకడు చూసి, కనపడదన్నాడు. పెద్దరెడ్డికి బండి నచ్చింది.

పులివెందుల రోడ్డులో శేఖర్ నడుపుతున్నాడు. పక్కన ఎస్తేరు. రెండు వైపులా చీనీ తోటలు.

"ఎవురి బిడ్డవు పాపా?" అన్నాడు పెద్దరెడ్డి వెనక నుంచి.

ఆమె అద్దంలో ఆయన కళ్లను చూసింది. "దేవరాజు బిడ్డను."

శేఖర్ కాలు బ్రేకు మీద పడింది. బండి రోడ్డు మధ్యలో నిలిచిపోయింది.

"రోడ్డు మీద బండి నిలపొద్దని ఎన్నిసార్లు చెప్పినా. పోనీ" అన్నాడు పెద్దరెడ్డి. కిలోమీటరు పోయాక మెల్లగా అన్నాడు. "దేవరాజు అసుమంటి మనిషి మళ్లా దొరకల్యా మాకు."

ఆ గొంతులో బాధ నిజమైనదే. అది విని ఎస్తేరుకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆయన దుర్మార్గుడైతే ద్వేషించడం సులువుగా ఉండేది.

మర్నాడు శేఖర్ ఒక్కడే వచ్చాడు. ఈసారి బండి మీద ఏ అనుమానమూ తీసుకురాలేదు.

"నాకు తెలీదు ఎస్తేరూ. నాకు సైకిలు నేర్పింది దేవరాజు మామే. నేను పడితే ఆయన తన మోకాలు చూసుకునేవాడు, నాకు తగిలిన దెబ్బ ఆయనకు తగిలినట్ల."

"తెలిసింటే రాకపోయేవానివా?"

"వచ్చేవాన్నే. సిగ్గుపడతా వచ్చేవాన్ని." కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "నిన్ను చేసుకుంటా. మా నాయనను నేను ఒప్పిస్తా. నీకేం కావాలో చెప్పు."

అంత సంతోషం తనకు దక్కుతుందని ఎస్తేరు ఎన్నడూ అనుకోలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఇంట్లో ఉన్న దిగులే అడిగింది.

"మా తమ్మునికి ఒక పని చూపించు. నతానియేలు డిగ్రీ పాసయి రెండేండ్లాయె. ఎవురు పిలిస్తే వాళ్ల జెండా మోస్తాండాడు. వాన్ని చూస్తే మా అమ్మకు నిద్ర పట్టదు."

"అంతేనా?"

"అంతే."

ఆ మాట ఆమె నోటి నుంచే వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ తప్పు మరొకరి మీదికి నెట్టలేకపోయింది.

జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసే తల్లి రత్నమ్మ ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి బియ్యం కడుగుతోంది. నతానియేలు గడపలో నిలబడ్డాడు, తెల్ల ఖద్దరు చొక్కాలో. గంజి పెట్టిన చొక్కా చేతులు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"పని దొరికింది మా. పెద్దరెడ్డే పిలిపించినాడు. కొత్త బండిలో ముందర సీటు నాది. నమ్మినోళ్లకు తప్ప ఆ సీటు ఇయ్యరంట. నాయన సీటు అక్కా అది."

రత్నమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. కొడుకు కాలరు రెండు వేళ్లతో పట్టి చూసింది. "అదే బట్ట" అంది. ఇంకేమీ అనకుండా మళ్లీ బియ్యం దగ్గర కూచుంది.

"ఇంగో మాట చెప్పినాడు" అన్నాడు నతానియేలు నవ్వుతూ. "ముందర కూచునేటోడు ఇంటి మనిషంట. ఇంటి మనిషి అక్కను కోడలు చేసుకునేకి ఆయనకు అడ్డం లేదంట."

ఏ ఆశీర్వాదం కోసం ఎస్తేరు రాత్రిళ్లు ప్రార్థన చేసిందో అది ఇంటికొచ్చింది, ఆ చొక్కా తొడుక్కుని.

డెలివరీ రోజు బండికి బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్దరెడ్డి మధ్య వరసలో ఇద్దరి నడుమ కూచున్నాడు. నతానియేలు ముందర కూచుని అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. శేఖర్ కూడా ఆ పూట తెల్ల చొక్కా వేసుకున్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఎస్తేరు అతన్ని షెడ్డు వెనక్కి పిలిచింది.

"ఏం పని చూపించినావు వానికి?"

"మా ఇంట్లో అంతకంటే పెద్ద నమ్మకం లేదు ఎస్తేరూ. నాయన ఒక్క మాటకు ఒప్పుకున్యాడు."

అతని కళ్లలో ఏ కపటమూ లేదు. పుట్టినప్పటి నుంచి ఆ సీటును గౌరవమనే విన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ ఇంకోలా చెప్పలేదు.

"అంత గౌరవమైతే నువ్వు కూచో."

"నేనా?"

"మా వాన్ని మధ్యలో కూచోబెట్టు, మీ నాయన పక్కన."

"అట్ల యాడ కుదురుతాది..." అని ఆగిపోయాడు.

"ఎందుకు కుదరదు?"

శేఖర్ తల వంచి తన తెల్ల చొక్కా వైపు చూసుకున్నాడు. ముఖంలో రంగు తగ్గిపోవడం ఆమెకు కనిపించింది. తిరిగి బండి దగ్గరికి నడిచి ముందర తలుపు తీశాడు.

"దిగు నతానూ."

"ఏందన్నా?"

"దిగు. ఈ పని నీకొద్దు. ఇంటికి పో."

నతానియేలు బిక్కముఖంతో దిగాడు. శేఖర్ ఎక్కి తలుపు వేసుకున్నాడు.

"శేఖరా, వెనక్కి రా. అది నీ సీటు కాదు" అన్నాడు పెద్దరెడ్డి.

"మరి ఎవురిది నాయనా?"

పెద్దరెడ్డి ముఖం అంత ముసలిదిగా ఎస్తేరు మునుపు చూడలేదు. శేఖర్ పోనీయమని డ్రైవరుకు చెప్పాడు. నిమ్మకాయలు నలిగాయి, బండి రోడ్డెక్కింది. వెళ్లే బండిలో, ముందర ఎడమ పక్క, తెల్ల చొక్కా మాత్రమే కనిపించింది. తమ్ముణ్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఏం ఇచ్చిందో అప్పుడు తెలిసింది ఎస్తేరుకు.

నతానియేలు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే పేపరులో సింహాద్రిపురం పేరు ఉందేమోనని వెతికేది. లేకపోతే టీ తాగేది.

వెయ్యి కిలోమీటర్లకు మొదటి సర్వీసు. బండి వచ్చింది. శేఖర్ ఎడమ పక్క నుంచి దిగాడు. చిక్కిపోయాడు. అతన్ని కళ్లారా చూశాక ఆమె ఆ పూట పేపరు మడిచి పక్కన పెట్టింది.

సర్వీసు అయ్యాక నడిపి చూడాలి. ఎస్తేరు అలవాటుగా ముందర తలుపు దగ్గరికి పోయింది. శేఖర్ తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది మా ఇంటి బండి ఇప్పుడు. నువ్వు దీంట్లో కూచోవద్దు."

"వెనక కూచుంటాలే."

"వెనక కూచున్నా, రేపు మనకొక బిడ్డ పుడితే దేవరాజు మనవడని ఆ బిడ్డను కూడా ఈ సీట్లోనే కూచోబెడతారు. ఏడు సీట్లూ లెక్క చూసినా ఎస్తేరూ. నీకిచ్చేది ఒక్కటీ లేదు."

"అయితే దిగి రా. నాతో వచ్చెయ్. ప్రొద్దుటూరులో మనకు ఒక గది దొరకదా? బెంగళూరు పోదాం."

"నేను దిగితే ఇది ఖాళీగా ఉండదు. ఎవురి బిడ్డనో ఎక్కిస్తారు." ఆమె వైపు చూశాడు. "ఆ సంగతి నాకు చెప్పింది నువ్వే."

ఆమె సర్వీసు కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. అతనిమీద ప్రేమ అంత ఎక్కువగా మునుపెన్నడూ లేదు, అంత పనికిరాకుండానూ లేదు. కాగితం మీద సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్నాడు. దాన్ని డ్రైవరుకిచ్చి, తను ఎడమ పక్క ఎక్కి వెళ్లిపోయాడు.

"పాపా, జమ్మలమడుగు టీచరమ్మ వచ్చింది, అదే రకం బండి చూడాలంట" అని అలీ అహ్మద్ పిలిచాడు. ఆయన ఆమె ముఖం చూసి, "నేను పోతాలే" అన్నాడు. ఎస్తేరు తల అడ్డంగా ఊపి వెళ్లింది.

టీచరమ్మ భర్త స్టీరింగ్ ముందు కూచున్నాడు. వాళ్ల ఇద్దరు బిడ్డలూ అప్పటికే ముందర తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"ముందర సీటు నాకు."

"నాకే. నేను ముందు చెప్పినా."

"ఎంతమంది పడతారమ్మా దీంట్లో?" అని టీచరమ్మ అడిగింది.

"ఫ్యామిలీ అంతా పడతారు మేడం" అంది ఎస్తేరు. పిల్లలిద్దరినీ వెనక్కి పంపి, ముందర తనే కూచుని బెల్టు పెట్టుకుంది.