వడ్ల మీదికి ఎక్కిన ట్రెయిలర్

జగిత్యాలలో రోడ్ల శాఖ ఇంజనీర్ భాస్కర్ రావు టిఫిన్ డబ్బా మూత తీయబోతుండగా కిటికీలోంచి బుల్లెట్ వచ్చింది. కుర్చీలోనే వాలిపోయాడు. పక్కగది గుమస్తాకు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆయన చేసిన పాపం ఒక్కటే. కోరుట్ల నుంచి సిరిసిల్ల వంతెన మీదుగా ఓ భారీ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకెళ్తామంటే, స్వయంగా వెళ్లి దారంతా చూసొచ్చి, పర్మిట్ ఇవ్వనన్నాడు.

“గిప్పుడు గా పర్మిట్ మనమే ఇప్పియ్యాలె,” అన్నాడు నిఘా విభాగం చీఫ్ శ్రీధర్.

ఏజెంట్ దేవేందర్ ఉలిక్కిపడ్డాడు. “సార్, గది డొల్ల ట్రాన్స్‌ఫార్మర్. లోపలంత ఆర్‌డీఎక్స్. వంతెన మీద పేలుస్తరని తెలిసి దారి మనమే చూపాల్నా?”

“బండి కోరుట్ల నడిఊర్ల ఉంది. రెయిడ్ చేస్తే గా విక్టర్ ఆడనే పేలుస్తడు. రిమోట్ యాడ దాచిండో తెల్వది. పర్మిట్ లేకుంటే పోలీసోళ్లు ఆపుతరని వానికి భయం. ముందుగాల ఊరు దాటనియ్యి. దారిల ఆపు. రిమోట్ వాని చేతికొచ్చినంకనే సిగ్నల్ ఆపే జామర్ ఆన్ చెయ్యి. దాని బ్యాటరీ నిమిషాలే ఉంటది.”

జామర్ దాచింది పొడుగాటి వెదురు గడలో. రోడ్డుకు పట్టనంత సరుకును ఓడీసీ అంటారు. అది కదిలితే ముందొక మనిషి గడతో కరెంటు తీగలెత్తుతూ నడవాలి. దేవేందర్‌ది ఇప్పుడు ఆ వేషం.

పర్మిట్ తెచ్చే పని ఇంద్రజది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఆమె నవ్వితే ఫైలు తనంతట తానే లేచొస్తుందని ఆఫీసుల్లో పేరు. విదేశీ ముఠా నాయకుడు విక్టర్, పైకి ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీ ఇంజనీర్, ఆమె తన మనిషేనని నమ్మాడు. నిజానికి ఆమె పనిచేసేది శ్రీధర్ కోసం. అంతకంటే పెద్ద నిజం, ఆమె భాస్కర్ రావుకు స్వయానా అన్న కూతురు. పాపం, అది విక్టర్‌కు తెలియదు.

జగిత్యాల బస్టాండు పక్క చాయ్ హోటల్లో ఆమె కళ్లద్దాలు తీయలేదు.

“బాబాయి వద్దన్న సంతకం నేనే తెచ్చిన, దేవేందర్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు గదా. గీడ రోడ్లోళ్లు, కరెంటోళ్లు, పోలీసోళ్లు, అందరు పూజారులే. బాబాయి దశదినకర్మ గూడ కాలే. అందరి ముంగట నవ్వుకుంట తిరిగిన.”

దేవేందర్ చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. “మీరు బండి ఎక్కకుండ్రి మేడం. నేను జూసుకుంట.”

“నేనెక్కకుంటే వానికి అనుమానమొస్తది. రిమోట్ కనిపెట్టేదెవలు మరి?”

కోడ్ ఖాయం చేసుకున్నారు. రిమోట్ విక్టర్ చేతికి రాగానే ఆమె “వడ్లు ఆరినయి” అనాలి.

ఎందుకంటే దేవేందర్ ప్లానంతా వడ్ల మీదే ఉంది. విక్టర్ శాటిలైట్ ఫొటోల్లో రోడ్డు వెడల్పు కొలిచాడు, కానీ ఆ ఫొటోలు నాట్లప్పటివి. వానాకాలం కోతలయ్యాయంటే ఈ పక్క సగం రోడ్డు రైతుదే. అంచున రాళ్లు పేర్చి వడ్లు ఆరబోస్తారు. ఎంత పెద్ద బండైనా వాళ్లు కుప్పచేసేదాకా ఆగాల్సిందే, తొక్కే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ ఆగిన కాసేపట్లో వడ్ల లారీలో దాక్కున్న బాంబ్ స్క్వాడ్ దిగుతుంది. అందుకే పర్మిట్‌లో మల్యాల దారే రాయించాడు.

మల్యాల దాటగానే వడ్లు కనిపించాయి. దేవేందర్ గడ ఎత్తి బండి ఆపాడు.

“అవ్వా, జర కుప్పజెయ్యరాదు?”

“నిన్ననే పోసిన కొడుకా, పచ్చిగున్నయి,” అంది నాగవ్వ పార అందుకుంటూ. “ఒక్కదాన్ని. జర ఆగుండ్రి.”

క్యాబిన్‌లో ఇంద్రజ పక్కన కూర్చున్న విక్టర్ గడియారం చూశాడు. “ధాన్యమే కదా. పోనివ్వు,” అన్నాడు పుస్తకాల తెలుగులో. అతను వెంట తెచ్చుకున్న డ్రైవర్ గేరు వేశాడు. టైర్లు వడ్ల మీదికి ఎక్కాయి.

“నీ చేతులిరగ! తినే బువ్వ మీదికెళ్లి తోల్తవురా?” నాగవ్వ టైరు ముందు చతికిలబడింది. బండి ఆగింది. ఆ కేకకు పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చి ట్రెయిలర్‌ను చుట్టుముట్టారు.

విక్టర్ వడ్లు తొక్కిస్తాడని దేవేందర్ అనుకోలేదు. ఒక ఊరిని కాపాడబోయి ఇంకో ఊరిని బాంబు చుట్టూ నిలబెట్టాడు.

“దూరం జరుగుండ్రి! మీ కాళ్లు మొక్కుత, జరుగుండ్రి!”

వడ్లు తొక్కినవాడు ఎదురుగా ఉంటే జరిగేదెవరు? ఇక వంతెన అందదని విక్టర్‌కు అర్థమైంది. తను పోయినా ఇక్కడ జనం ఉన్నారు, చాలు. కోటులోంచి రిమోట్ బయటికి తీశాడు. ఇంద్రజ చూసింది. కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచింది.

“వడ్లు ఆరినయి!”

పచ్చిగున్నాయని నాగవ్వ అన్న మాట విక్టర్ కూడా విన్నాడు. అంత తెలివి తక్కువవాడేం కాదు. ఎడమచేత్తో పిస్టల్ తీసి ఆమెను కాల్చాడు, కుడిచేత్తో మీట నొక్కాడు.

పేలలేదు. ఆమె మాట వినగానే దేవేందర్ ఆన్ చేసిన జామర్ అప్పటికే గడలో పనిచేస్తోంది. విక్టర్ మళ్లీ నొక్కాడు. దేవేందర్ అదే గడను కిటికీలోంచి అతని మణికట్టు మీదికి బలంకొద్దీ పొడిచాడు. రిమోట్ జారిపోయింది, పిస్టల్ మళ్లీ ఎత్తేలోపే జనం తలుపు తీశారు. విక్టర్‌నూ డ్రైవర్‌నూ జనం కిందికి లాగారు. వడ్ల లారీలోంచి దూకిన స్క్వాడ్ ట్రాన్స్‌ఫార్మర్ మూత తెరిచి తీగ కత్తిరించింది. ఆ వెంటనే జామర్ దీపం ఆరిపోయింది.

ఇంద్రజను దించి వడ్ల మీదే పడుకోబెట్టారు. నాగవ్వ కొంగుతో గాయం అదిమి పట్టుకుంది. దేవేందర్ ఏడుస్తున్నాడు, దాచుకోలేదు.

“బాబాయి చెప్పిందే రైటు,” అంది ఇంద్రజ. “గీ బండికి పర్మిట్ ఇయ్యొద్దుండె.”

అంబులెన్స్ వచ్చేసరికే ఆమె ప్రాణం పోయింది.

పొద్దుగూకే వేళ, నలిగిన వడ్లు ఏరుతున్న నాగవ్వకు దేవేందర్ చేట పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది. పర్మిట్ కాగితంలో ఉన్న నంబరు చూసి చేసింది భాస్కర్ రావు ఆఫీసు గుమస్తా.

“మీ ట్రెయిలర్ రోడ్డుకు అడ్డమున్నదట. పర్మిట్ టైమ్ అయిపోయింది, ఓడీసీ రాత్రి కదలొద్దు. కొత్త పర్మిట్ గావాలంటే అప్లికేషన్ పెట్టినామె స్వయంగ రావాలె. ఇంద్రజ మేడంను రేపు పొద్దుగాల పంపుండ్రి.”

దేవేందర్ చేట కింద పెట్టాడు.

“మేడం రాదు. మీ భాస్కర్ రావు సార్ లెక్క, గీసారి మీరే వచ్చి చూసి సంతకం పెట్టుండ్రి.”