దేవదూత ఎగరాల్సిన రోజు

ఎండ అప్పుడే చురుక్కుమంటున్న ఉదయం తొమ్మిది గంటల వేళ, చేతిమీద ఉన్ని కోటు వేసుకుని ఒకావిడ ఆఫీసు గదిలోకి గాభరాగా వచ్చింది. నడివేసవిలో ఉన్ని కోటేమిటి, ఈవిడకి మతిగానీ చలించిందా అనుకున్నాడు మేనల్లుడు. బల్ల వెనక కూర్చున్న అత్తయ్య మాత్రం ఆ కోటు భుజానికి వరసగా గుచ్చిన గుండుసూదుల వంక చూసి, "కూర్చోమ్మా. ఏ షూటింగులో కుట్టుపని చేస్తున్నావు?" అంది.

మేనల్లుడి ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆరేళ్ళుగా అత్తయ్య డిటెక్టివ్ ఏజెన్సీలో సహాయకుడిగా ఉన్నా, ఇలాంటి మాట విన్నప్పుడల్లా అతనికి మొదటిరోజులాగే ఉంటుంది. "మీ అత్తయ్య భజన ఇక ఆపండి" అని ఇంట్లో భార్య విసుక్కుంటూనే ఉంటుంది.

"దేవదూత రెక్కలు పోయాయండీ. నేనే దాచానంటున్నారు" అని ఆవిడ బావురుమంది.

మంచినీళ్ళు తాగాక సంగతంతా చెప్పింది. క్రిస్మస్‌కి టీవీలో వేయడానికి ఒక ప్రేమకథ తీస్తున్నారు. రొట్టెల దుకాణం అమ్మాయినీ, పోస్టుమ్యాన్‌నీ ఒక కాపలా దేవదూత కలుపుతాడు. చివర్లో ఇద్దరూ మెట్లమీద చేతులు పట్టుకుని నిలబడితే, దేవదూత మంచులోంచి పైకెగిరి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క సీనే మిగిలింది. అద్దెకు తీసుకున్న ఇల్లు సాయంత్రం అయిదింటికి ఖాళీ చేసి ఇచ్చేయాలి. రెక్కలున్న పెట్టె తాళంచెవి రాత్రంతా ఆవిడ మెడలోనే ఉంది. పొద్దున్నే తాళం తీసి చూస్తే పెట్టె ఖాళీ.

"నాలుగింటికల్లా దొరక్కపోతే ఆ సీనే తీసేసి, ఆకాశంలోంచి గొంతు వినిపిస్తామంటున్నారు డైరెక్టర్ గారు. దొంగన్న పేరుతో నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? పాపం, దేవదూత వేషం వేస్తున్న తాతగారికైతే మళ్ళీ ఇలాంటి వేషం రాదండీ."

ఆ ఇంటి వాకిట్లో అడుగుపెట్టగానే మేనల్లుడికి నవ్వొచ్చింది. గేటు ఇవతల చెమటలు, అవతల మోకాలి లోతు మంచు. వాకిలి మీది ఇనప దూలానికి తెల్లగా మంచు ముద్దలు కట్టి, కింద మంచు సూదులు వేలాడుతున్నాయి. వాటి మధ్య నుంచి తాతగారిని పైకి లాగే తాడు దిగి ఉంది. తాడు దిగినచోట తెల్లదనం మీద సన్నటి గోధుమరంగు చార కనిపించి, ఎవరో పైన కూర్చుని టీ ఒలకబోసుకున్నారు కాబోలు అనుకున్నాడు.

దేవదూత మెట్లమీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల అంగీ.

"ముప్పై ఏళ్ళుగా శవం వేషాలూ, వాచ్‌మన్ వేషాలూ వేశానమ్మా. ఎగరడం ఇదే మొదలు" అన్నారు తాతగారు. "తేలిగ్గా ఉండాలని వారం నుంచి రాత్రిళ్ళు అన్నం మానేశాను. మా మనవరాలు బడిలో అందరికీ చెప్పేసింది."

అత్తయ్య ఆయన పక్కనే కాసేపు కూర్చుంది. ఎవరినైనా ఓదార్చాల్సి వస్తే ఆవిడకి మాటలు రావు, పక్కన కూర్చుంటుందంతే.

తర్వాత పెట్టె చూసింది. తాళానికి ఏ దెబ్బా లేదు. మూత వెనక బందుల స్క్రూల మీద మాత్రం కొత్త గీతలున్నాయి. బందు సందులోంచి తెల్లటి రవ్వ ఒకటి గోటితో తీసి, "నాలిక మీద వేసుకో" అంది.

"విషమైతే?"

"మీ ఆవిడకి నేను చెప్పుకుంటాలే."

ఉప్పు!

మంచు పని చూసే కుర్రవాడికి పాతికేళ్ళుంటాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇదేనట. చేతివేళ్ళు పగిలి ఎర్రగా ఉన్నాయి.

"ఈ మంచంతా దేంతో చేశావు బాబూ?"

"నేలమీద కాగితం ముక్కలండీ. నడిస్తే చప్పుడు రాదు. చెట్లకి నురుగు. దూలం మీద... మెరవాలని ఉప్పు కలిపానండీ."

"మెట్ల పక్క కుప్ప?"

"అది కూడా కాగితమేనండీ. మొన్న పోసిందే. మళ్ళీ ముట్టుకోలేదు, ఫోటోల్లో తేడా వచ్చేస్తుంది కదండీ."

ఆ ఫోటోలు చూపించమంది అత్తయ్య. ఒక సీనుకీ మరో సీనుకీ వస్తువులు మారకుండా రోజూ తీసే ఫోటోలవి. డైరెక్టర్ గడియారం చూసుకుంటూ, "మేడమ్, మీరు రెక్కలు వెతకాలా, మంచు వెతకాలా?" అన్నాడు. అత్తయ్య నిన్న సాయంత్రం ఫోటో దగ్గర ఆగింది. అందులో కుప్ప రెండో మెట్టు దాకా ఉంది. మేనల్లుడు తల తిప్పి చూశాడు. ఇప్పుడు మూడో మెట్టు కూడా కనబడటం లేదు.

"గేటు కాపలావాడు రాత్రి నిద్రపోయాడా?"

"లేదు మేడమ్. ఆరడుగుల రెక్కలు బయటికి పోతే వాడు చూడడా?"

"తాడు ఎప్పుడు కట్టి చూశారు?"

"మొదటిరోజే. పదిహేను రోజులైంది. బాగానే లేపింది."

"అయితే అందరినీ మెట్ల దగ్గరికి రమ్మనండి. తాతగారంత బరువున్న ఇసుక బస్తా కూడా తెప్పించండి" అంది అత్తయ్య.

మూడున్నరకి పదిహేనుమంది పోగయ్యారు. కుట్టుపని ఆవిడ చీర కొంగు నలుపుకుంటూ చివర నిలబడింది.

"మొదటి సంగతి" అంది అత్తయ్య. "తాళంచెవి మెడలో ఉన్న మనిషి బందులు విప్పుకుంటూ కూర్చోదు. కాబట్టి ఈ అమ్మాయి కాదు. బందుల్లో ఉప్పుంది. ఈ ఇంట్లో చేతులకి ఉప్పంటించుకుని తిరిగేది ఒక్కడే. రెక్కలు గేటు దాటలేదు. తెల్లటి ఈకలు తెల్లటి కుప్పలో పెడితే ఎవరికి కనిపిస్తాయి? కుప్ప మాత్రం రాత్రికి రాత్రి ఒక మెట్టు పెరిగింది. తవ్వరా."

మేనల్లుడు మోచేతుల దాకా కాగితం మంచులోకి చేతులు దూర్చాడు. గోనెగుడ్డలో చుట్టిన రెక్కలు చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి. డైరెక్టర్ మంచు కుర్రవాడి మీదికి వెళ్ళబోయాడు.

"ఆగండి. అమ్ముకోవాలనుకున్నవాడు గోనెలో చుట్టి మెట్ల పక్కన పెట్టడు. సీను ఆగిపోతే చాలనుకున్నాడు. ఎందుకంటే... ముందు ఆ బస్తా కట్టండి."

బస్తాని తాడుకి కట్టి లాగారు. మనిషెత్తు లేచింది. పైన టక్కుమని చప్పుడైంది. బస్తా దభీమని కిందపడి పగిలింది. తాడుని దూలానికి పట్టి ఉంచిన కొక్కెం కూడా వెంట వచ్చింది, అది తుప్పుతో గుల్లబారి రెండు ముక్కలై ఉంది. మేనల్లుడు టీ మరక అనుకున్న చార అదన్నమాట!

"ఇనుము దగ్గర ఉప్పు వాడొద్దని తాడు కట్టే మాస్టారు ముందే చెప్పాడండీ" అన్నాడు కుర్రవాడు వెక్కుతూ. "దూలం మెరవట్లేదని నేనే కలిపాను. రోజూ నీళ్ళు చల్లాను. నిన్న సాయంత్రం తుప్పు చూశాను. చెప్తే మొదటి పనే పోతుందని నోరు రాలేదు. షూటింగ్ అయిపోయాక రెక్కలు తీసిచ్చేద్దామనుకున్నాను."

"ఇక్కడ నన్ను దొంగంటుంటే పక్కనే నిలబడి చూశావు కదరా" అంది కుట్టుపని ఆవిడ. అంతవరకు ఏడ్చిన మనిషి గొంతు ఇప్పుడు నిబ్బరంగా ఉంది. "నేల చూపులు కాదు, నా మొహం చూసి చెప్పు."

"తప్పైపోయిందక్కా" అన్నాడు వాడు ఆవిడ కళ్ళలోకి చూసి. "నీ మీదికి వస్తుందని ఊహించలేదు. వచ్చాక కూడా నోరు మూసుకున్నాను, అదే పెద్ద తప్పు."

"ఈకల్లో ఒక్క కాగితం ముక్క మిగిలినా ఊరుకోను. దులుపు" అంది ఆవిడ. డైరెక్టర్ కూడా ఆవిడ దగ్గరికి వచ్చి క్షమించమన్నాడు.

తాతగారు పగిలిన బస్తా వంకే చూస్తున్నారు. "ముప్పై ఏళ్ళు ఉత్తుత్తి శవంగా పడుకున్నాను. ఇవాళ నిజం శవాన్ని కాకుండా ఆపాడు వీడు. వీణ్ణి పనిలోంచి తీయకండి బాబూ" అన్నారు. ఆ వెంటనే ఆయన ముఖం చిన్నబోయింది. "ఎగరడం మాత్రం ఇక లేనట్టేగా?"

అప్పుడు అత్తయ్య, "గేటు దాకా ఇంత మంచుంది. నడిచి వెళ్తే దేవదూత కాకుండా పోతారా?" అంది.

డైరెక్టర్ ఒకసారి మెట్లని, ఒకసారి గేటుని చూసి, కెమెరావాళ్ళని పరుగులు పెట్టించాడు.

నాలుగున్నరకి ప్రేమికులిద్దరూ మెట్లమీద చేతులు పట్టుకున్నారు. రెక్కలు తొడుక్కున్న తాతగారు వాళ్ళ తలలు నిమిరి, మెట్లు దిగి, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా నడిచారు. మనవరాలు బడిలో చెప్పుకున్నట్టు ఎగరలేకపోయానన్న దిగులూ, బతికి ఉన్నానన్న సంతోషమూ రెండూ ఆ వీపులోనే కనిపించాయి. మేనల్లుడికి కళ్ళు చెమర్చాయి. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కుట్టుపని ఆవిడ మంచు కుర్రవాడి భుజం పట్టుకుని ఏడుస్తోంది. తాతగారు గేటు దాటారు. డైరెక్టర్ నోట మాట లేకుండా అలాగే చూస్తుండిపోయాడు.

రెండు నిమిషాలైనా ఆయన తిరిగి రాలేదు. ఉలిక్కిపడి అందరూ వీధిలోకి పరుగెత్తారు. ఎండలో బస్సూ, స్కూటర్లూ ఆగిపోయి ఉన్నాయి. వాటి మధ్యనుంచి వీధి చివర మలుపు దగ్గర రెక్కలు ఇంకా ముందుకు సాగిపోతున్నాయి. డైరెక్టర్ ఆయాసపడుతూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడికి తాతగారూ!"

"మీరు కట్ అనలేదుగా బాబూ" అన్నారు తాతగారు.