తుపాకీకి కుంకుమబొట్టు

ఓబలప్ప పోయిన రోజు పొద్దున కూడా తుపాకీకి నూనె రాశాడు. ఎన్నికలు వస్తున్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి, ఓట్లు అయిపోయాక తెచ్చుకోవాలి. అడవిపందులను బెదిరించడానికి ఉంచుకున్న ఆ ఒంటి గొట్టం తుపాకీని ఆయన పాత పంచెలో చుట్టి, తలపాగా పెట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు కామసముద్రం వీధిలో నడిచి వెళ్లేవాడు. ఆ రోజు తుపాకీని చుట్టడం అయింది. తలపాగా సగం చుట్టుకుని వసారాలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

మట్టి చేసిన మర్నాడు మనవడు మునీంద్ర ఆ మూటను స్టేషన్‌కు తీసుకెళ్లాడు. అతను కేజీఎఫ్‌లో లా చదువుతున్నాడు. తండ్రి చిన్నప్పుడే పోవడంతో తాత చేతుల మీదే పెరిగాడు.

స్టేషన్ బెంచీ మీద ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"తుపాకీ ఇచ్చేదానికి వచ్చినారా? ఒక్క ప్రశ్న అడగొచ్చా?"

మునీంద్ర హెడ్ కానిస్టేబుల్ సుబ్బరాయప్ప వైపు చూశాడు.

"పేట నుంచి వచ్చిండాది అప్పా. భూమిక అని. ఫారిన్‌లో జెనీవా అనే ఊర్లో ఆయుధాలు తగ్గించే ఆఫీసు ఉండాదంట, ఆడ ఇంటర్న్‌షిప్పంట. దానికోసం మన తుపాకుల మీద వ్యాసం రాస్తుందంట," అన్నాడు సుబ్బరాయప్ప.

"ఈ ఆయుధం ఇంట్లో ఉంటే మీకు ధైర్యమా, భయమా?" అంది భూమిక.

"ఇది ఆయుధం కాదు."

"మరేమి?"

"మా తాతది."

"అట్లయితే తాతనే అడుగుతాను. యాడ ఉండారు?"

మునీంద్ర మూటను బల్ల మీద పెట్టాడు. సుబ్బరాయప్పే చెప్పాడు. "నిన్ననే మట్టి చేసినారమ్మా."

భూమిక ఫోన్ సంచిలో పెట్టేసింది. మునీంద్ర సంతకం చేసి వెళ్లేదాకా మళ్లీ తల ఎత్తలేదు.

కర్మ అయిన కొన్నాళ్లకు ఆమె వాళ్లింటికి వచ్చింది. మునీంద్ర అవ్వ చిన్నవెంకటమ్మ వసారాలో ఉంది.

"క్షమాపణ అడిగేదానికి వచ్చినాను అవ్వా."

"ఎవురి బిడ్డవే?"

"పేటలో ధాన్యం అంగడి వెంకటేశయ్యగారి కూతుర్ని."

"మా రాగులు వేసేది ఆ అంగట్లోనే కదా. ఈడికి వచ్చేది మీ నాయనకు చెప్పినావా?"

"లేదు అవ్వా."

"ఆయితు, సరేలే, కూర్చో. క్షమాపణ తర్వాత, ముందు మజ్జిగ తాగు."

నడవ గోడ మీద రెండు మేకులు ఉన్నాయి. వాటి మధ్య సున్నం కొంచెం తెల్లగా, తుపాకీ అంత పొడవున ఉంది. భూమిక దాన్ని చూసింది. ఆమె చూడటం మునీంద్ర చూశాడు.

"మా కోర్సులో ఇట్లాంటివాటిని చిన్న ఆయుధాలు అంటారు," అంది ఆమె నెమ్మదిగా.

"ఇంత పొడుగుది చిన్నదా?"

"జెనీవాలో అంతే."

తాత పోయాక మునీంద్ర నవ్వడం అదే మొదలు. అవ్వ మజ్జిగ చెంబు మళ్లీ నింపింది.

భూమిక వ్యాసం నెగ్గింది. తర్వాత ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది. ప్రశ్నలు అడిగి తర్ఫీదు ఇవ్వడానికి మునీంద్ర ఒప్పుకున్నాడు. ఆ పని మునీంద్ర వాళ్ల పట్టుపురుగుల షెడ్డులో జరిగేది, ఎందుకంటే పురుగులకు మేత వేసే వేళ తప్ప అతనికి తీరిక ఉండేది కాదు.

"ఆగు. జడలో పూలు తీసి బయట పెట్టు," అన్నాడు మొదటి రోజే. "ఘాటు వాసన పురుగులకు పడదు."

"మీ దేశంలో అడుగు పెట్టాలంటే ఇన్ని షరతులా?"

"తనిఖీకి వచ్చేవాళ్లు మా నియమాలు పాటించాల."

పూలు గడప బయట రాతి మీద పెట్టి ఆమె లోపలికి వచ్చింది. అతను మల్బరీ ఆకులు పరుస్తూ గొంతు మార్చాడు. "మేడమ్, ఎదుటి దేశం ఆయుధాలు దించనంటే ఏమి చేస్తారు?"

"ముందు ఎందుకు దించలేదో అడుగుతాను."

"చెప్పనంటే?"

"చెప్పేదాకా కూర్చుంటాను. నాకేమి తొందర? మజ్జిగ దొరుకుతుంది."

వాన వచ్చింది. రేకుల మీద ఆ మోతకు పురుగులు ఆకు నమిలే చప్పుడు వినిపించకుండా పోయింది.  మునీంద్ర ఆకుల గంప తేవడానికి ఒకసారి బయటికి వెళ్లి వచ్చాడు. వాన వెలిశాక భూమిక గడప దాటి చూస్తే పూలు తడవలేదు. వాటి మీద చెంబు బోర్లించి ఉంది.

ఎన్నికలు అయిపోయాయి. ఊళ్లో అందరూ తుపాకులు తెచ్చుకున్నారు. మునీంద్ర తెచ్చుకోలేకపోయాడు. లైసెన్సు తాత పేర ఉంది. వారసుడిగా తన పేరుకు మార్చమని అడగాలి, లేదా సర్కారుకు వదిలేయాలి. వదిలేస్తే ఎప్పుడో ఒకనాడు కోసి ముక్కలు చేస్తారు.

"వదిలేయమని నువ్వు చెప్పు. వదిలేస్తాను," అన్నాడు ఒకరోజు షెడ్డులో, భూమికతో.

"చెప్పను."

"నీ చదువే అది కదా."

"నేను చెప్పినానని వదిలితే, రేపు మాటా మాటా వచ్చినప్పుడల్లా ఆ తుపాకీ మన మధ్యన వచ్చి నిలబడుతుంది."

మన మధ్య అన్న మాట ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ మల్బరీ ఆకుల వైపు చూశారు.

ఇంటర్వ్యూలో భూమికను అడిగారు, ఎవరితోనైనా తుపాకీ వదిలించగలిగారా అని. ఒకరున్నారు, ఆయనకు నేను చెప్పను, ఆయన తేల్చుకునేదాకా పక్కన కూర్చుంటాను అని జవాబిచ్చింది. ఆమెను తీసుకున్నారు. ఆరు నెలలు జెనీవాలో.

ఆయుధపూజ నాడు అవ్వ ఇంట్లో కొడవళ్లకు, మోటారుకు, మునీంద్ర బండికి బొట్లు పెట్టింది. ఏటా మొదటి బొట్టు తుపాకీదే. మేకుల ముందు కాసేపు నిలబడి, కుంకుమ భరిణె మనవడి చేతికి ఇచ్చింది.

"పోయి పెట్టి రాప్పా. యాడ ఉన్నా అది తాతదే కదా."

స్టేషన్‌లోనూ పూజే. రైఫిళ్లు వరుసగా నిలబెట్టి బంతిపూలు వేశారు. బూడిదగుమ్మడికాయ సిద్ధంగా ఉంది. వీడ్కోలు చెప్పడానికి ఇంటికి వెళ్లి, అవ్వ చెబితే ఇక్కడికి వచ్చిన భూమిక అదే బెంచీ మీద కూర్చుంది.

విషయం విని సుబ్బరాయప్ప లోపలి నుంచి పంచె మూట తెచ్చాడు. "మా వాటికి మేం పెట్టుకుంటాం. నీదానికి నువ్వే పెట్టు. ముట్టేది మాత్రం నా ముందరే."

మునీంద్ర మూట విప్పాడు. పంచెకు ఇంకా నూనె వాసన ఉంది. భరిణె పెట్టడానికి చోటు వెతికాడు. భూమిక లేచి వచ్చి భరిణె పట్టుకుంది. అతను గొట్టం మీద బొట్టు పెట్టాడు, తాత పెట్టే చోటే.

"జెనీవాలో ఇది చెప్తే నమ్మరు," అంది.

"చెప్పొద్దు. ఇది మనది."

బయట చింతచెట్టు కింద ఆగారు. బస్సు రావలసి ఉంది.

"నువ్వు వచ్చేదాకా తుపాకీ గురించి ఏ కాగితమూ పెట్టను. గోడ ఖాళీగానే ఉంటుంది," అన్నాడు మునీంద్ర. "ఆడ తుపాకీ ఉండాల్నా, తాత ఫోటో ఉండాల్నా అనేది ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఇద్దరూ కలిసి చూసుకోవాల."

"ఇద్దరూ అంటే? నువ్వూ అవ్వా?"

"అవ్వకు గోడ సరిగా కనపడదు."

భూమిక నవ్వు ఆపుకుంది. "ఒప్పందం అయితే తనిఖీ ఉంటుంది. ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో గోడ చూపించాల."

"గోడ ఒకటేనా?"

"పక్కన ఎవరు నిలబడినా అభ్యంతరం లేదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. జడలో పూలు తీసి అతని చేతిలో పెట్టింది. షెడ్డులోకి మాత్రం తీసుకుపోవద్దు అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మునీంద్ర ఫోన్ పట్టుకుని నడవలో నిలబడతాడు. గోడ మీద రెండు మేకులు, వాటి మధ్య ఆ తెల్లటి సున్నం. అవ్వ వెనక నుంచి, ఆడ చలి ఎట్ల ఉండాదో అడగమంటుంది. జెనీవా నుంచి భూమిక, అవ్వకు మోకాళ్ల నొప్పి ఎట్ల ఉండాదో అడుగుతుంది. తుపాకీ స్టేషన్‌లోనే ఉంది.

భూమిక తండ్రి వెంకటేశయ్యకు మాత్రం ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.